గడప బయటి చెప్పులు

ఈదులదిన్నె బడిలో కరీమున్‌ ఆయాగా చేరి పందొమ్మిదేళ్లయింది. ఈ పందొమ్మిదేళ్లలో ముగ్గురు హెడ్మాస్టర్లు మారారు. పెంకులు పోయి స్లాబు వచ్చింది, స్లాబు మీద ఇంకో అంతస్తు లేచింది. మారనిది ఒక్కటే. ఆ బడి గదుల్లోకి ఇంతవరకూ ఒక్క చెప్పు కూడా వెళ్లలేదు.

అది ప్రభుత్వం పెట్టిన రూలు కాదు, బడి కమిటీ పెట్టిందీ కాదు. కరీమున్‌ పెట్టింది. అక్కడిది నల్లరేగడి నేల. నాలుగు చినుకులు పడితే చాలు, చెప్పుకి అరకిలో మట్టి అంటుకుని వదలదు. నూట నలభై మంది పిల్లలు ఆ మట్టిని గదుల్లోకి మోసుకొస్తే వంగి ఊడ్చాల్సింది ఆమె ఒక్కతే. అయితే నడుంనొప్పి ఒక్కటే కారణం కాదు. చదువు చెప్పేచోట చెప్పులతో తిరగకూడదని ఆమె గట్టి నమ్మకం. తాను చదివింది మూడో తరగతి. అసలు చదువంటే భయమూ, భక్తీ చదువుకోనివాళ్లకే ఎక్కువ. బాగా చదివినవాళ్లు పుస్తకం మీద టీగ్లాసు పెట్టడానికి కూడా వెనకాడరు. కరీమున్‌ కాలికి కాగితం ముక్క తగిలినా తీసి కళ్లకద్దుకుంటుంది. తన రబ్బరు చెప్పులు గేటు పక్కన వదిలి, సాయంత్రం దాకా ఉత్తకాళ్లతోనే తిరుగుతుంది.

పిల్లలు గడప బయట వదిలిన చెప్పుల్ని ఆమె వరసగా సర్దేది. ఎవరి చెప్పులు ఎక్కడో ఆమెకి కంఠతా వచ్చు. ఆ వరసలో ఖాళీ చూసి, ఇవాళ ఎవరు రాలేదో టీచరు హాజరు వేయకముందే చెప్పేసేది. తెగిన ఉంగటాలకి పిన్నీసులు పెట్టేది. సాయంత్రం గంట కొట్టగానే వరండాలో నిలబడి, ‘ఎవరి చెప్పులు వాళ్లు చూసుకుని దిగండ్రా! ఒక్క జత మిగిలిందో కాళ్లు విరగ్గొడతా!’ అని అరిచేది. ఆమె హయాంలో ఆ బళ్లో ఒక్క జత చెప్పులు పోలేదు. ఈ సంగతి చెప్పుకునేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా అయ్యేది. అందులో తప్పేముంది? కలెక్టర్లకి వాళ్ల గొప్పలు వాళ్లకున్నాయి, ఈవిడకి ఈవిడ గొప్ప.

నవంబరులో ఒకరోజు అగ్నిమాపక శాఖ నుంచి వీరబాబు అనే ఆఫీసరు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మాట మెత్తన, చూపు మాత్రం పదును. కింద అయిదు తరగతులు, పైన ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు తరగతులు. పైన మూడు గదులూ ఒకే వరండాలోకి తెరుచుకుంటాయి. ఆ వరండాకి ఒక కొసన మెట్లు. రెండో కొసన పిట్టగోడ.

‘దిగడానికి దారి ఇదొక్కటేనా సార్?’ అన్నాడు వీరబాబు.

‘ఒకటేనండీ,’ అన్నాడు హెడ్మాస్టరు ప్రసన్నకుమార్‌, అది తన తప్పే అన్నట్టు.

‘ఈ మెట్ల కిందే కరెంటు బోర్డు. దాని పక్కనే పాత బెంచీలు, కాగితాల కట్టలు. నిప్పు పుడితే ఇక్కడే పుడుతుంది. అప్పుడు పైనున్న యాభై మందీ ఎటు దిగాలి?’

 టీ పట్టుకొచ్చిన కరీమున్‌ అక్కడే నిలబడిపోయింది.

‘మంట దాకా ఎందుకమ్మా, పొగ చాలు,’ అన్నాడు ఆఫీసరు ఆమె చేతిలో గ్లాసు అందుకుంటూ. ఆ మాట మాత్రం ఆమెకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

అతను వెళ్తూ వెళ్తూ ఒక జాబితా రాసిచ్చాడు. వరండా రెండో కొస నుంచి బయటికి ఇనప మెట్లు, మంటలార్పే సిలిండర్లు, మేడ మీద నీళ్ల ట్యాంకు, దాన్నుంచి పైపు, ఆపదొస్తే మోగే సైరను. ఏప్రిల్లో మళ్లీ వస్తాననీ, ఇవన్నీ ఉండి, పిల్లలు రెండున్నర నిమిషాల్లో కిందికి దిగి చూపిస్తేనే సంతకం పెడతాననీ చెప్పాడు. లేకపోతే పై అంతస్తుకి తాళమే. అన్నీ కలిపి నాలుగు లక్షల పైమాటేనని తేలింది. బడి ఎయిడెడ్‌ది. కమిటీ దగ్గరున్న డబ్బు సున్నం వేయించడానికి సరిపోతే గొప్ప.

పై అంతస్తుకి తాళం పడితే ఆ మూడు తరగతులూ మార్టూరు వెళ్లాలి. ఏడు కిలోమీటర్లు. ఆ రోడ్డంతా రాతి దిమ్మెలు మోసే లారీలు. సాయంత్రం చేలో నుంచి ఇంటికి పోతున్న రెబ్కాని గేటు దగ్గర ఆపి కరీమున్‌ ఈ సంగతి చెప్పింది. రెబ్కా మిరపకాయ కోతలకి పోయే ముఠాలో మనిషి. కూతురు మహిమ ఏడో తరగతి.

‘మార్టూరా? ఆ లారీల రోడ్డు మీదా? నేనైతే పంపనక్కా,’ అంది రెబ్కా. ‘ఏడు చదివింది చాల్లే. నాతోపాటు కాయ కోతకొచ్చిద్ది.’

‘అదేం మాటే? ఆ పిల్ల క్లాసులో ఫస్టు.’

‘ఫస్టయితే లారీలు ఆగి దారిస్తయ్యా?’

కరీమున్‌కి పిల్లలు లేరు. మహిమంటే ఆమెకి ప్రాణం. మందుల చీటీ చదివిపెట్టేది, ఫోన్లో వచ్చిన మెసేజీలు విప్పి చెప్పేది ఆ పిల్లే. కారం ఘాటుకి చేతులు మండించుకుంటూ ఆ పిల్ల మిరప చాళ్లలో వంగి ఉండటం తలుచుకోవడానికే ఆమెకి మనసొప్పలేదు. రెబ్కాని తప్పుపట్టడానికీ లేదు. ఆ రోడ్డు అలాంటిది.

ఇంకో భయం కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు.

కరీమున్‌ పరుపులు కుట్టే ఇంటి కోడలు. భర్త అష్రఫ్‌, మామ ఇద్దరూ తమ ఇంటి పక్క రేకుల షెడ్డులో దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. మామ పోయాక దూదేకే మిషను కొన్నారు. మామ దూది ఏకిన విల్లుని మాత్రం అష్రఫ్‌ గోడకి తగిలించి ఉంచుకున్నాడు. ఒక ఎండాకాలం పగలు మిషను మోటారు నుంచి రవ్వ లేచి దూది కుప్పలో పడింది. దూది నిప్పు వెంటనే మండదు. లోపల్లోపలే రాజుకుంటుంది, పైకి పొగే. మొగుడూ పెళ్లాలిద్దరూ బయటికి వచ్చేశారు. క్షేమంగా వచ్చేశారు. వాకిట్లో నిలబడి అష్రఫ్‌ ఒక్కసారి వెనక్కి తిరిగి, ‘ఒక్క నిమిషం, నాయన విల్లు తెచ్చేస్తా,’ అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకునేలోపే లోపలికి పోయాడు. విల్లు తెచ్చాడు. ఆ పొగ మాత్రం ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. రెండేళ్లు దగ్గి దగ్గి పోయాడు. ఆ తర్వాతే ఆమె బళ్లో పనికి చేరింది. అతన్ని తీసుకుపోయింది మంట కాదు, ఆ ఒక్క నిమిషం అని ఆమె లెక్క. ఆ నిమిషం మీద ఆమెకి ఇప్పటికీ కోపం చల్లారలేదు.

ఇక చందాల సంగతి. ప్రసన్నకుమార్‌ తాడేపల్లి నుంచి వచ్చినవాడు, పాఠం చెప్పడంలో దిట్ట, చెయ్యి చాపడంలో మాత్రం మహా మొహమాటస్తుడు. పాత విద్యార్థుల వాట్సాప్‌ గ్రూపులో పొడుగ్గా ఒక విన్నపం పెట్టాడు. దానికి ముప్పై ఆరు దండాలు, పద్దెనిమిది పువ్వులు, ‘సూపర్‌ సార్‌’ అని తొమ్మిది మెసేజీలు వచ్చాయి. రూపాయి రాలేదు. చీమకుర్తి వైపు గనులున్న ఒక పెద్దమనిషిని కలిస్తే ఆయన చాలా ఆదరంగా కాఫీ ఇప్పించి, ‘ఆర్చి కట్టిస్తాను మాస్టారూ, నల్లరాయితో. మా నాయనగారి పేరు చెక్కిద్దాం,’ అన్నాడు. ఆర్చి వద్దు, వెనకవైపు ఇనప మెట్లు కావాలంటే ఆయన ముఖం చిన్నబోయింది. ఆయన్ని అని ఏం లాభం? మన దగ్గర దానం చేసేవాళ్లకి కొదవ లేదు. కాకపోతే చేసిన దానం రోడ్డు మీద పోయేవాడికి కనపడాలి. గోడ వెనకాల ఉండి, ఎన్నడూ వాడకుండా ఉంటేనే మేలనిపించే మెట్ల మీద ఎవరు పేరు చెక్కించుకుంటారు? సిలిండరు మీద నాన్నగారి పేరు రాయిస్తే బావుంటుందా?

సంక్రాంతి సెలవులు అయ్యేసరికి వచ్చింది పాతికవేలు. అందులో సగం టీచర్లు తలా కొంత వేసుకున్నదే.

ఫిబ్రవరిలో కళ్లాలు ఎర్రబడ్డాయి. ఊరిచుట్టూ ఎక్కడ చూసినా ఆరబోసిన మిరపకాయలే. ఒక పొద్దున వరండా ఊడుస్తూ ఊడుస్తూ కరీమున్‌ చీపురు పక్కన పెట్టి హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది.

‘సార్‌, డబ్బులడిగితే ఇవ్వరు. మేర అడుగుదాం.’

‘మేరంటే?’

‘పంట కళ్లంలో ఉండగానే ఊళ్లో పనివాళ్లకి తలా ఇంత తీసి పెట్టేవాళ్లు సార్‌. కమ్మరికి, కుమ్మరికి, అందరికీ. మా మామకి కూడా ఇచ్చేవాళ్లు, ఏడాదంతా పరుపులు బాగు చేసినందుకు. డబ్బు ఇంటికి చేరాక బయటికి రాదు. కళ్లంలో ఉన్నప్పుడు మాత్రం రైతు చెయ్యి పెద్దది.’

మొదట బుల్లయ్య కళ్లానికి వెళ్లారు. బుల్లయ్య ఊళ్లో పెద్ద రైతు, డెబ్భై ఏళ్లు, గొంతు మాత్రం పాతికేళ్లది. మాట్లాడాల్సింది హెడ్మాస్టరే. మూడు వాక్యాలు కాగితం మీద రాసుకుని మరీ వచ్చాడు. కానీ కళ్లంలో కాలు పెట్టగానే ఘాటుకి తుమ్ములు పట్టుకున్నాయి. ఒకటా రెండా, ఆగందే! కాయలేరే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. చివరికి ఆయన కాగితం కరీమున్‌ చేతిలో పెట్టి దూరంగా చెట్టు కిందకి పోయాడు. ఆమెకి ఆ కాగితం చదవడం రాదు. మడిచి బొడ్లో దోపుకుంది.

‘ఏందమ్మాయ్‌, సారునేసుకొచ్చావు?’ అన్నాడు బుల్లయ్య.

‘మేర కోసం వచ్చాం బాబాయ్‌.’

‘మేరా! ఈ కాలంలో మేరేంది? ఎవరికి?’

‘బడికి. పైనుంచి దిగడానికి బయట మెట్లు కట్టాలంట.’

‘మెట్లున్నయ్‌గా. పైకి పోడానికి ఒక దారి చాలదా?’

‘ఎక్కడానికి చాలు బాబాయ్‌. మెట్ల దగ్గరే నిప్పంటుకుంటే దిగడానికే చాలదు. నీ మనవడు కూడా పైనే కూర్చుంటాడు.’

‘ఇన్నేళ్లూ అంటుకుందా ఏందిప్పుడు?’

‘నీ పత్తి గదిలో మాత్రం ఇన్నేళ్లూ అంటుకుందా? అక్కడ బీడీ ముట్టించుకోనిస్తావా?’

‘ముట్టిస్తే తంతా ఒక్కొక్కణ్ణి!’

‘మరి పత్తికున్న జాగర్త పిల్లకాయలకొద్దా బాబాయ్‌?’

బుల్లయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుని, పక్కనున్న మనిషికి సైగ చేశాడు. అతను చేట నిండా కాయలు తెచ్చి కరీమున్‌ గోతంలో పోయబోయాడు. ఆమె గోతం మూతి మూసేసి, ఆ చేట అందుకుని కింద కూర్చుంది. కాయల్ని వేళ్లతో అటూ ఇటూ జరిపింది. సగానికి పైగా రంగు పోయి తెల్లబడిన తాలుకాయలే.

‘బాబాయ్‌, మీ నాయన మా మామకి మేర తాలు కాయలే ఇచ్చేవాడా?’ అంది నిదానంగా. గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

కాయలేరే ఆడవాళ్లలో రెబ్కా ఉంది. ముందు ఆమే పకాలున నవ్వింది. తర్వాత కళ్లమంతా నవ్వింది. బుల్లయ్య ముఖం కాయల రంగుకి తిరిగింది. చనిపోయిన తండ్రి మాట ఎత్తితే తట్టుకునే రైతు ఆ చుట్టుపక్కల లేడు. ఆయన లేచి, పంచె ఎగ్గట్టి, తనే మేలు కాయల రాసిలో చేట ముంచాడు. ఒక చేట, రెండో చేట, మూడోది. ‘పట్టవే గోతం! మా నాయన ఇట్టా ఇచ్చేవాడు! చూడు, ఇట్టా!’ అని అరుస్తూ పోశాడు. ఆయన అరవకుండా ఏ మంచిపనీ చేయలేడు.

ఆ సాయంత్రానికే ఈ కబురు ఊరంతా పాకింది. బుల్లయ్య మూడు చేటలు పోశాడంటే పక్క కళ్లం ఆయన నాలుగు పోయకుండా ఊరుకుంటాడా? నెలన్నర పాటు బడి అయ్యాక కరీమున్‌ గోతం పట్టుకుని కళ్లం కళ్లం తిరిగింది. ఎక్కడైనా కింద కూర్చుని కాయ చూసేది. తాలు కనిపిస్తే మాట అనకుండా ఏరి, వాళ్ల రాసి మీదే పెట్టి, చెయ్యి దులుపుకునేది. చివరకి ఆమె వస్తుంటేనే ‘అమ్మో, కరీమున్నొచ్చింది, మంచియి తియ్యండ్రా’ అనేవాళ్లు. కూలి ముఠా ఆడవాళ్లకి పొద్దుగూకేటప్పుడు ఇంటికి కూర కోసమని ఒక పిడికెడు కాయలు పట్టుకుపోయే వాడుక ఉంది. ఒక శుక్రవారం రెబ్కా ముఠా మొత్తం ఆ పిడికిళ్లన్నీ తెచ్చి బడి గోతంలో పోశారు. ఆ రోజు కరీమున్‌ తాలు ఏరలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఘాటు అంది.

మొత్తం పదిహేడు టిక్కీలయ్యాయి. మిరప బస్తాల్ని అక్కడ టిక్కీలనే అంటారు. బుల్లయ్య తన సరుకుతోపాటు లారీలో వేసి గుంటూరు యార్డుకి తోలించాడు, కిరాయి తీసుకోలేదు. మెట్లకి సగం మాత్రమే వచ్చింది. కానీ బస్తాల మీద ‘బడి మేర’ అని రాసిన ఫోటో వాట్సాప్‌లో పడేసరికి, పువ్వులు పెట్టిన చేతులే ఈసారి డబ్బు పంపాయి. ఊరి చర్చిలో పంట పండుగకి గుమ్మడికాయ వేలం వేస్తే, పాడుకున్నాయన కాయని మళ్లీ బడి కోసమే ఇచ్చేశాడు, అలా దాన్నే మూడుసార్లు వేలం వేశారు. నల్లరాతి పెద్దమనిషి కూడా ఇనప మెట్ల కింద వేయడానికి బండలు పంపాడు. వాటి మీద ఏ పేరూ లేదు. మార్చి ఆఖరుకి మెట్లు లేచాయి, ట్యాంకు ఎక్కింది, ఎర్రటి సిలిండర్లు గోడలకి తగిలాయి. కరీమున్‌ రోజూ ఆ మెట్లని పొడిగుడ్డతో తుడిచేది. ఇనుము తుడిస్తే ఏమొస్తుందని ఎవరన్నా అంటే వినిపించుకోలేదు.

ఏప్రిల్‌ మొదటివారం. ఒంటిపూట బడులు. వీరబాబు వచ్చాడు. అన్నీ చూసి, తృప్తిగా తలాడించాడు. ‘సరే సార్‌, సైరను కొట్టండి,’ అని ఫోనులో సమయం చూసుకుంటూ కింద నిలబడ్డాడు.

పైన వరండాలో కరీమున్‌ నిలబడింది. సైరను మోగింది. యాభై రెండు మంది పిల్లలు మూడు గదుల్లోంచి బిలబిలమని వచ్చారు. గడప దాటగానే అందరూ ఆగారు. వంగారు. చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ముందువాళ్లు వంగితే వెనకవాళ్లు వాళ్ల మీద పడ్డారు. సర్దిన వరసలు చెదిరిపోయాయి. ఒకడి చెప్పు ఇంకొకడి కాలికింద. వరండా అంతా వీపులే తప్ప తలలు కనపడలేదు. కొత్త మెట్లు ఆ కొసన ఖాళీగా ఉన్నాయి.

‘దిగండ్రా! దిగండి!’ అని అరిచింది కరీమున్‌. మహిమ ఆమె కాళ్ల దగ్గరే వంగి ఉంది. భుజం పట్టుకుని లాగింది.

‘ఒక్క నిమిషం ఆయమ్మా, నా చెప్పొకటి కనపట్టంలా,’ అంది మహిమ.

కరీమున్‌ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఒక్క నిమిషం. ఆ మాట, ఆ గొంతులోని ధీమా, అచ్చంగా అదే. సైరను మోగుతూనే ఉంది, ఆమెకి వినపడలేదు.

అందరూ దిగేసరికి నాలుగున్నర నిమిషాలు. వీరబాబు ఫోను జేబులో పెట్టుకుని, ‘ఇనుము బాగానే కొన్నారు సార్‌,’ అన్నాడు. కోపంగా కాదు, బాధగా అన్నాడు. ‘పది రోజుల్లో మళ్లీ వస్తా. అప్పటికీ ఇంతే అయితే నేను చేయగలిగిందేం లేదు.’

ఆయన వెళ్లాక ప్రసన్నకుమార్‌ పిల్లల్ని నిలబెట్టి, చెప్పులెందుకు వెతుక్కున్నారని అడిగాడు. గ్రౌండు నిండా పల్లేరుకాయలున్నాయన్నారు కొందరు. కొత్త చెప్పులు పోతే అమ్మ తంతదన్నారు కొందరు. మహిమ మాత్రం కరీమున్‌ వైపు చూసి, ‘నువ్వేగా ఆయమ్మా, చెప్పులు వదిలేసి దిగితే కాళ్లు విరగ్గొడతానన్నావు,’ అంది అమాయకంగా.

ఆ మాటకి అందరూ నవ్వారు. కరీమున్‌ కూడా నవ్వబోయింది, చేతకాలేదు.

మర్నాడు హెడ్మాస్టరు పిల్లలకి గట్టిగా చెప్పాడు, సైరను మోగితే చెప్పులు ముట్టుకోవద్దని. మోగించి చూశారు. ఈసారి వంగలేదు కానీ, గడప ముందు పడున్న చెప్పుల గుట్ట మీద కాళ్లు పడి ముగ్గురు జారారు. ఒకడి మోకాలు చిట్లింది. చిన్నవాళ్లయితే నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి తమ చెప్పులు ఉన్నాయో లేదో చూసుకున్నారు. కింద గేటు దగ్గర అరలు కట్టిద్దామన్నాడు ప్రసన్నకుమార్‌. ‘అప్పుడు కింద ఆగుతారు సార్‌. కొత్తమెట్లు దిగి మళ్లీ గేటు వైపు, పాత మెట్ల పొగలోకే పరిగెత్తుతారు,’ అంది కరీమున్‌.

ఆ మధ్యాహ్నం పిల్లలందరూ వెళ్లిపోయాక ఆమె ఖాళీ వరండాలో చాలాసేపు కూర్చుంది. రోజూ చెప్పులు సర్దే చోటు అది. మనిషి వెనక్కి తిరిగేది తన వస్తువు వెనక ఉండిపోయినప్పుడే. వస్తువు ఒంటి మీదే ఉంటే ఎందుకు తిరుగుతాడు? అంత తేలికైన సంగతి. తెలిసి తెలిసి పందొమ్మిదేళ్లుగా తనే ఆ వస్తువుని గడప బయట పెట్టించింది. పెట్టించి, సర్ది, అది చూసి మురిసిపోయింది. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. కాసేపటికి అదీ తగ్గింది. లేచి వెళ్లి హెడ్మాస్టరు గది తలుపు తట్టింది.

‘సార్‌, రేపట్నుంచి చెప్పులతోనే గదుల్లోకి రానిద్దాం.’

ప్రసన్నకుమార్‌ కళ్లజోడు తీసి ఆమె వైపు చూశాడు. ‘మీరేనా అమ్మా ఈ మాటంటోంది?’

‘నేనే సార్‌.’

‘ఎనిమిది గదులు. రోజుకి రెండుసార్లు ఊడవాలి మీరు.’

‘ఊడ్చుకుంటాలే సార్‌,’ అంది.

మర్నాడు తెల్లవారకముందు అకాల వర్షం ఒకటి దంచి కొట్టింది. రైతులంతా కళ్లాల మీద పట్టలు కప్పుకోవడానికి పరుగులు పెట్టారు. బడి గ్రౌండు నల్లటి ముద్దయింది. కరీమున్‌ పొద్దున్నే వచ్చి, పై వరండా, గదులు అద్దంలా తుడిచింది. ఎలాగూ పాడవుతాయి కదా అని తుడవకుండా ఉండలేకపోయింది. పిల్లలొచ్చారు. వర్షానికి చెప్పులు ఒక్కొక్కటీ ఇటుకంత బరువున్నాయి. అలవాటుగా గడప ముందు విప్పబోయారు.

‘విప్పొద్దు. లోపలికి రండి,’ అంది కరీమున్‌.

ఎవరూ కదల్లేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. బుల్లయ్య మనవడైతే ఇదేదో తన్నడానికి వేసిన ఎత్తని రెండడుగులు వెనక్కి వేశాడు. ‘నిజంగానే ఆయమ్మా?’ అంది మహిమ. ‘మట్టి!’

‘కనపడతంది. రా.’

అయినా రాలేదు. వాళ్లని అలా పెంచింది తనే, ఇప్పుడు మాటతో పోతుందా? కరీమున్‌ కిందికి దిగి వెళ్లింది. గేటు పక్కనున్న తన రబ్బరు చెప్పులు వేసుకుంది. ఆ బురదలో గ్రౌండు సగం దాకా నడిచి, మళ్లీ మెట్లెక్కి పైకి వచ్చింది. గడప ముందు ఒక్క క్షణం ఆగింది. లోపల గోడకి పటాలు, నల్లబల్ల మీద టీచరు నిన్న రాసిన తేదీ. ఆమె పెదవులు ఏదో అనుకున్నాయి. దేవుడికి చెప్పుకుందో, అష్రఫ్‌తో చెప్పిందో. కుడికాలు గడప లోపల పెట్టింది.

గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. తను గంట క్రితం తుడిచిన నేల మీద ఒక్కో అడుగూ నల్లగా, ముద్దగా పడింది. కిటికీ దాకా వెళ్లి, తిరిగి పిల్లల వైపు చూసింది. ‘చూశారుగా? ఇక రండి,’ అంది. 

ముందు మహిమ వచ్చింది, మునివేళ్ల మీద. తర్వాత అందరూ వచ్చారు.

నాలుగు రోజుల తర్వాత వీరబాబు వచ్చాడు. ఆ తెల్లవారుజామునా వాన పడింది, ఆ ఏడు ఏప్రిల్‌ అలా ఏడిపించింది రైతుల్ని. సైరను మోగింది. పిల్లలు గదుల్లోంచి వచ్చారు, వరండా వెంట నడిచారు, ఇనప మెట్ల మీద దబదబ శబ్దం చేసుకుంటూ దిగిపోయారు. మహిమ కరీమున్‌ పక్కనుంచే వెళ్లింది. ఆగలేదు, కనీసం ఆమె వైపు చూడనైనా లేదు. చూడనందుకు కరీమున్‌కి ప్రాణం లేచొచ్చింది.

‘ఒక నిమిషం యాభై,’ అని కింద నుంచి వీరబాబు గొంతు వినిపించింది. ఆ వెంటనే పిల్లల కేకలు. గేటు దగ్గర చూడ్డానికి వచ్చిన బుల్లయ్య, ‘మా కాయలేగా! మా మెట్లేగా!’ అని అందరికన్నా గట్టిగా అరిచాడు. పని మానుకుని వచ్చిన రెబ్కా కూతురి తల నిమిరింది. సంతకం అయింది.

కరీమున్‌ వెంటనే కిందికి దిగలేదు. చీపురు, బకెట్టు తెచ్చుకుంది. మూడో గది దాటాక వరండాలో ఆఖరి ముక్క ఒకటుంది. మామూలు రోజుల్లో అటు ఎవరూ నడవరు, అది ఇనప మెట్లకే పోతుంది. పొద్దున ఆమె తుడిచినప్పుడు అది తెల్లగా ఉంది. ఇప్పుడు దాని నిండా నల్లటి అడుగులు. పెద్దవి, చిన్నవి, ఒకదాని మీద ఒకటి. ఆమె వంగి ఒక్కొక్కటే చూసింది, కళ్లంలో కాయలు చూసినంత జాగ్రత్తగా. అన్నీ మెట్ల వైపే ఉన్నాయి. ఒక్కటి కూడా వెనక్కి తిరిగి లేదు.

 తర్వాత చీపురు గోడకి ఆనించి, తన చెప్పులతోనే, ఆ అడుగుల మీదుగా మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ రోజు ఆ వరండా ఊడవలేదు.